రావీ ఎవరు బేటా?

"సినిమా చూడొద్దని చెప్పాల్సిన వయసు పిల్లల్ని నువ్వే కూర్చోబెట్టి సినిమా చూపిస్తున్నవంట! ఇదేం తాలీమ్ భాయ్?"

ఈ సవాల్ ఈ మూడు నెలల్లో నన్ను కనీసం పది మంది అడిగారు. జుమ్మా నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల మీద అడిగారు. దావత్‌లో దస్తర్‌ఖాన్ దగ్గర, బిర్యానీ ముద్ద నోట్లో ఉండగానే అడిగారు. ఫోన్ చేసి మరీ అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబ్ చెప్పే సబర్ నాకు అయిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. గుస్సా వస్తే రానివ్వండి. కానీ చివరిదాకా చదివి అప్పుడు గుస్సా చెయ్యండి.

సంగతి ఇది. నా నన్హియాల్ చందనవెల్లి. షాబాద్ మండలం, చేవెళ్ల పక్కన. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో అమ్మీతో పోతే జొన్న చేలు, పత్తి చేలు కనబడేవి. ఇప్పుడు ఫ్యాక్టరీ షెడ్లు, వెడల్పు రోడ్లు, అమెజాన్ డేటా సెంటర్ గోడలు కనబడతాయి. నెలకు రెండు ఆదివారాలు నేనక్కడికి పోతున్నాను. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పద్నాలుగు మంది పిల్లలు ఒక చుట్టం ఇంటి హాల్లో కూర్చుంటారు. అందులో ఎనిమిది మంది ఆడపిల్లలు. ముగ్గురు పక్క గల్లీలోని హిందూ ఇళ్ల పిల్లలు. సున్నం వేసిన గోడ మీద సినిమా వేస్తాం. పది నిమిషాలకోసారి ఆపుతాం. మాట్లాడుకుంటాం. అంతే నేను చేసిన గునా.

పైగా వేసేవి మన సినిమాలు కావు. పసిఫిక్ మహాసముద్రం సినిమాలు. న్యూజిలాండ్ మావోరీల కథ, సమోవా దీవి కథ, ఫిజీ దగ్గరి రొటుమా దీవి కథ. "ఉన్న సినిమాలు చాలవా, సాత్ సమందర్ పార్ నుంచి తేవాల్నా?" అని రెండో సవాల్. దానికీ జవాబ్ ఉంది.

మన ఇళ్లలో సినిమా గురించి రెండే మాటలు నడుస్తాయి. ఒకటి "హరామ్, బంద్ కర్." రెండోది "అరె టైంపాస్ గదా, చూడనీ." మొదటి మాట చెప్పే అబ్బా దుకాణానికి పోగానే పిల్లాడి దుప్పట్లో ఫోన్ వెలుగుతుంది. రెండో మాట చెప్పే అమ్మీ అదే హాల్లో కూర్చుని సీరియల్ చూస్తుంటుంది. రెండు ఇళ్లలోనూ పిల్లాడు తెరతో ఒంటరిగా ఉన్నాడు. వాడికి ఏం కనబడింది, అది వాడి దిల్‌లో ఎక్కడ దిగింది, ఎవరూ అడగరు. నిషేధించే అబ్బాకూ, వదిలేసే అమ్మీకీ నా ఫిర్యాద్ ఒకటే. ఇద్దరూ బిడ్డను ఖాళీ చేతులతో పంపుతున్నారు.

అసలు మనం ఎవరి వారసులం? ఒక మాట చెవిన పడితే "ఎవరు చెప్పారు? ఆయన ఎవరి దగ్గర విన్నారు? ఆయన జబాన్ నమ్మదగ్గదేనా?" అని అడిగి, ఆ అడగడాన్నే ఒక ఇల్మ్‌గా నిలబెట్టిన వాళ్ల వారసులం. హదీస్ చదివిన ఏ తాలిబ్-ఎ-ఇల్మ్‌నైనా కదిలించండి. మత్న్ ఎంత అందంగా ఉన్నా ఇస్నాద్ చూడకుండా తీసుకోమంటారు. రావీల జీవితాలు రాసి పెట్టడానికే అస్మావుర్రిజాల్ అని ఒక శాస్త్రం పుట్టింది. అలాంటి ఇళ్లలో పుట్టిన పిల్లలు రెండున్నర గంటల కిస్సా మింగేసి, రావీ ఎవరని ఒక్కసారి కూడా అడగకుండా హాలు బయటికి వస్తున్నారు. ఇది నాకు సిగ్గుగా ఉంది.

సూరె యూసుఫ్‌కు ఖురాన్‌లోనే అహ్సనుల్ ఖసస్ అని పేరు. కిస్సాలన్నిటిలో మేలైన కిస్సా. అందులో రెండు చొక్కాల సంగతి గుర్తు చేసుకోండి. అన్నలు ఒక చొక్కాకు దొంగ నెత్తురు పూసి తెచ్చి, తోడేలు తిన్నదని తండ్రికి కహానీ చెప్పారు. అది అబద్ధం చెప్పిన చొక్కా. తర్వాత ఇంకో చొక్కా వస్తుంది. అది ముందు వైపు చిరిగిందా, వెనక వైపు చిరిగిందా అని చూసి యూసుఫ్ అలైహిస్సలామ్ బేగునా అని తేల్చారు. అది నిజం చెప్పిన చొక్కా. గుడ్డ గుడ్డే. చూసే కన్ను ఉండాలి. సినిమాను ఆ కన్నుతో చూడ్డం నేర్పుతున్నాను. నేను కొత్తగా కనిపెట్టిందేం లేదు.

తాడు తెగిన చోట

మొదటి సినిమా 'వేల్ రైడర్'. 2002లో వచ్చింది. మావోరీ రచయిత విటీ ఇహిమైరా 1987లో రాసిన నవల ఆధారం. కథ సాదా సీదా. సముద్రం ఒడ్డున ఒక మావోరీ పల్లె. వంశానికి మగ వారసుడు కావాలని ఎదురుచూసే తాత కోరో. కవలలు పుడతారు. మగబిడ్డా, తల్లీ చనిపోతారు. ఆడపిల్ల మిగులుతుంది. ఆ పిల్ల పాయ్. తాతకు ఆమె ప్రాణం, ఆమె అంటేనే కోపం. ఊళ్లో మగపిల్లలందర్నీ పోగేసి పాత విద్యలు నేర్పుతాడు, పాయ్‌ను మాత్రం బయటికి పొమ్మంటాడు. పాయ్‌గా వేసిన కైషా కాసిల్-హ్యూజ్ పదమూడేళ్లకే ఆస్కార్ ఉత్తమ నటి నామినేషన్ దాకా పోయింది.

అందులో ఒక చిన్న ఘట్టం. తాత పడవ మోటారు స్టార్ట్ చేసే తాడు చూపించి, దీంట్లో ఎన్ని పోగులున్నాయో చూడమంటాడు. ఆ పోగులన్నీ కలిసి పేనుకుంటేనే తాడు, మన ముందుతరాలు కూడా అంతే అంటాడు. తర్వాత లాగుతాడు. తాడు పుటుక్కున తెగుతుంది. తిట్టుకుంటూ కొత్త తాడు కోసం పోతాడు. ఈలోగా పాయ్ ఆ తెగిన ముక్కల్ని తన చేత్తో ముడేసి, మోటారు నడిపిస్తుంది. తాత తిరిగొచ్చి మెచ్చుకోడు. మళ్లీ ఎప్పుడూ ముట్టుకోవద్దంటాడు.

ఇక్కడ ఆపాను. "ఇప్పుడు ఏం చూశారు?" అన్నాను.

ఒక నిమిషం ఖామోషీ. తర్వాత తొమ్మిదో తరగతి పిల్లాడు, పొద్దున స్కూలు, సాయంత్రం మెకానిక్ షెడ్డు, వాడన్నాడు: "చాచా, తాడు గురించి గాదు గదా ఇది." ఇంకో పిల్ల అందుకుంది: "తెగింది కోరో చేతిల. కలిపింది పాయ్. కానీ నోటితోని ఎవ్వరు చెప్పలే. మనకు చూపెట్టిన్రు, అంతే."

చెప్పకుండా చూపించడం. సినిమా విద్యలో సగం ఇదే. పెద్ద మాటలు వాడకుండా, పదిహేనేళ్ల పిల్లలు వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు. ఆ తర్వాత వాళ్లను ఆపడం నా వల్ల కాలేదు. ఒడ్డు మీద సగం చెక్కి వదిలేసిన పడవ మాటిమాటికీ ఎందుకు కనబడుతోంది? స్కూల్లో పాయ్ తాత గురించి ప్రసంగం చేస్తూ ఏడుస్తుంటే కెమెరా ఆ ఖాళీ కుర్చీని ఎందుకు చూపిస్తోంది? కథ మొత్తం పాయ్ గొంతులోనే ఎందుకు వినబడుతోంది? కోరో గొంతులో చెబితే ఇదే కథ ఎట్లా ఉండేది? ఈ చివరి సవాల్‌కు ఒక ఆడపిల్ల జవాబ్ ఇచ్చింది. "అప్పుడు పాయ్ మొండిదని చెప్తుండె. మనం గూడ నమ్ముతుంటిమి."

దాని పక్కన కూర్చున్న పిల్ల మెల్లగా అంది. "కోరో మా దాదా లెక్కనే ఉన్నడు చాచా. దాదా మంచోడే. కానీ..." అని ఆగిపోయింది. నేను పూర్తి చేయించలేదు. ఆ "కానీ" తర్వాత ఏముందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఇంటర్ తర్వాత చదువు ఆగిపోయిన ఆడపిల్లలందరికీ తెలుసు.

అందుకే కొందరు పెద్దమనుషులకు ఈ క్లాసు నచ్చదేమో అని నా గుమాన్. తెర మీద తాతను ప్రశ్నించిన పిల్ల రేపు ఇంట్లో దాదాను ప్రశ్నిస్తుందని ఖౌఫ్. సినిమా కోరోను విలన్ చేయలేదని గమనించండి. అతని బాధా చూపింది, అతని జుల్మూ చూపింది. మనిషిని మొత్తంగా చూడ్డం నేర్చుకున్న పిల్ల దాదాను ఇంకా ఎక్కువ ప్రేమిస్తుంది, ఇంకా గట్టిగా అడుగుతుంది. రెండూ కలిసే వస్తాయి.

ఓడ మీదా, ఒడ్డు మీదా?

ఇప్పుడు రెండో సవాల్‌కు జవాబ్. పసిఫిక్ సినిమాలే ఎందుకు?

మంగలి పని కొత్తగా నేర్చుకునే షాగిర్ద్ సొంత అబ్బా గడ్డం మీద కత్తి పెట్టడు. మొదటి రోజే తెలుగు స్టార్ సినిమా వేస్తే పిల్లలు ఫ్యాన్స్‌గా విడిపోతారు. మొదటి రోజే మతం సినిమా వేస్తే ఆ హాల్లో పదకొండు మంది ఒకవైపు, ముగ్గురు ఒకవైపు కూర్చుంటారు. దూరపు దీవి కథలో ఎవరి ఇజ్జత్ పోదు. నిదానంగా చూడొచ్చు. చూపు పదునెక్కాక ఇంటికి రావచ్చు.

ఇంకో కారణం పెద్దది. పసిఫిక్ వాళ్ల కథ ఎన్నో ఏళ్లు వేరేవాళ్లే చెప్పారు. అమెరికన్ దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ సమోవాలో 'మోఆనా' అని ఒక సినిమా తీశాడు. 1926లో విడుదలైంది. దాని సమీక్షలోనే జాన్ గ్రియర్సన్ 'డాక్యుమెంటరీ' అన్న మాట వాడాడని సినిమా చరిత్రలో రాసుకుంటారు. ఇప్పుడు తమాషా చూడండి. సమోవా వాళ్లు అప్పటికే వేరే రకం బట్టలు వేసుకుంటుంటే, ఫ్లాహర్టీ పాతకాలపు చెట్టు బెరడు గుడ్డలు కట్టించాడు. పచ్చబొట్టు పొడిచే ఘట్టాన్ని కెమెరా కోసమే ఏర్పాటు చేశాడు. అంటే లోకం ఏ సినిమాను చూసి 'ఇది హకీకత్' అనే మాటను నేర్చుకుందో, ఆ సినిమాలోనే హకీకత్‌కు వేషం వేశారు. నెత్తురు పూసిన చొక్కా అందామా? పిల్లలు ఒప్పుకోలేదు. "పూరా ఝూట్ గాదు చాచా, ఆ మనుషులు అసలోళ్లే గదా" అన్నారు. నిజమే. సగం సచ్, సగం సజావట్. ఆ సగాలను విడదీయడమే మన పని.

తొంభై ఏళ్ల తర్వాత 2016లో డిస్నీ కూడా 'మోఆనా' అనే పేరుతోనే బొమ్మల సినిమా తీసింది. కథ వేరే. మన పిల్లల్లో చాలామంది చూసే ఉంటారు. ఈసారి పసిఫిక్ వాళ్లు ఊరుకోలేదు. మావీ అనే దేవుడి బొమ్మను అంత లావుగా ఎందుకు గీశారని అడిగారు. మావీ చర్మంలాగా గోధుమ రంగులో, పచ్చబొట్లతో పిల్లలు తొడుక్కునే డ్రెస్ అమ్మకానికి పెడితే, మా చర్మం మీకు వేషమా అని నిలదీశారు. డిస్నీ ఆ డ్రెస్‌ను వెనక్కి తీసుకుంది. చదివిన కన్ను బజారును కూడా కదిలించగలదు.

మావోరీ దర్శకుడు బ్యారీ బార్‌క్లే ఒక ముచ్చట చెప్పేవాడు. తెల్లవాళ్ల ఓడ దీవికి వచ్చే సినిమాల్లో కెమెరా ఎప్పుడూ ఓడ మీదే ఉంటుంది. ఒడ్డు మీద నిలబడ్డ మనుషులు దూరంగా, గుంపుగా కనబడతారు. అదే కెమెరా ఒడ్డు మీద ఉంటే? అప్పుడు ఓడే వింతగా కనబడుతుంది, దిగేవాడే పరాయివాడవుతాడు. బార్‌క్లే 1987లో 'నాటి' తీశాడు. మావోరీ దర్శకుడు తీసిన మొదటి ఫీచర్ ఫిల్మ్‌గా దాన్ని చెప్పుకుంటారు.

ఈ ఒక్క ముచ్చట చెప్పాక మా క్లాసులో ప్రతి సినిమాకూ మొదటి సవాల్ అదే అయిపోయింది. "కెమెరా ఓడ మీదుందా, ఒడ్డు మీదుందా?" చందనవెల్లికి సముద్రం లేదు. కానీ ఓడలు రాలేదని ఎవరన్నారు?

వెంటనే ఒక పిల్ల 'వేల్ రైడర్' మీదికే తిప్పింది. "దాని డైరెక్టర్ మావోరీయేనా?" కాదు. నికీ కారో తెల్లజాతి న్యూజిలాండ్ మనిషి. ఆ సినిమా ఆ పల్లెలోనే, ఆ జనంతోనే తీసినా, ఈ కథను ఆమె చెప్పడం సబబేనా అని అక్కడ బహెస్ జరిగింది. "మరి మనకు నచ్చింది గదా!" అని ఒకడు. "నచ్చితే అడగొద్దా?" అని ఇంకొకతె. ఆ రోజు అసర్ నమాజ్ దాకా తెగలేదు. తెగకపోవడమే మంచిది.

ఇంకో ఆదివారం 'ది ల్యాండ్ హ్యాజ్ ఐస్'. రొటుమా దీవివాడైన విల్సోనీ హెరెనికో 2004లో తీసింది. ఒక పేద తండ్రి మీద కొబ్బరికాయల దొంగతనం నేరం మోపుతారు. తీర్పు చెప్పే దొరకు దీవి భాష రాదు. మధ్యలో తర్జుమా చేసేవాడు మాటలు మార్చేస్తాడు. తండ్రి దొంగ అయిపోతాడు. కూతురు ఆ ఇజ్జత్ కోసం నిలబడుతుంది. నేను ఇంగ్లీష్ సబ్‌టైటిళ్లను తెలుగులోకి, ఉర్దూలోకి చెబుతూ పోతున్నాను. మధ్యలో ఎనిమిదో తరగతి పిల్ల చెయ్యెత్తింది. "చాచా, మీరు సరిగ్గ చెప్తున్నరని మాకెట్ల తెలుసు?"

హాలంతా నవ్వింది. నాకు మాత్రం ఆ రోజు పగార్ ముట్టినట్టయింది. ఉస్తాద్‌నే రావీగా నిలబెట్టి అడిగింది. ఇంకేం కావాలి? అప్పట్నుంచి ఇంగ్లీష్ బాగా వచ్చిన ఒకరు నా పక్కన కూర్చుని నా తర్జుమాను తనిఖీ చేస్తున్నారు.

మన ఇంటి చొక్కాలు

ఇక ఇంటికి వద్దాం. దీని కోసమే అంత దూరం పోయింది.

తెలుగు సినిమాలో మనం ఎట్లా కనబడతాం? టోపీ పెట్టుకుని హీరో కోసం ప్రాణం ఇచ్చే దోస్త్. లేదా కళ్లకు సుర్మా పెట్టుకుని బాంబు పెట్టేవాడు. మధ్యలో నవ్వించడానికి "నిమ్కీ, నమ్కీ" అంటూ వంకర తెలుగు మాట్లాడే సాయిబు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని నేను. చందనవెల్లి పిల్లలు మాట్లాడే తెలుగు పక్కింటి పిల్లల తెలుగే. మరి ఆ "నిమ్కీ" ఎవరి నోట్లోంచి వచ్చింది? రాసినవాడు ఏ ఒడ్డు మీద నిలబడి విన్నాడు? ఇది అడగడం రాని పిల్లాడు రెండే పనులు చేస్తాడు. దోస్తులతో కలిసి నవ్వుతాడు, లేదా లోపల్లోపల కుమిలిపోతాడు.

2024 మార్చి 15న 'రజాకార్' సినిమా వచ్చింది. మర్నాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. ఆ రోజుల్లో స్కూల్లో, ఆటో స్టాండ్‌లో మన పిల్లలకు కొత్త పేరు పెట్టారని ఎంతమంది తల్లిదండ్రులు నాతో చెప్పారో లెక్కలేదు. అప్పుడు మన పెద్దలు పిల్లలకు ఏం చెప్పారు? "పట్టించుకోకు బేటా." అంతేనా? పిల్లాడికి అప్పుడు కావాల్సింది సవాళ్లు. ఇవిగో ఇవి.

ఈ కథ ఏ రోజు మొదలై ఏ రోజు ఆగింది? ఎవరికి పేరుంది, ఎవరు గుంపు? మంచి ముసల్మాన్ ఉంటే ఎన్ని నిమిషాలున్నాడు? నెత్తురు ఎప్పుడు దగ్గరగా చూపించారు, ఎప్పుడు దూరంగా? అజాన్ వినబడ్డప్పుడు వెనక ఏ మ్యూజిక్ వేశారు? తీయడానికి డబ్బు ఎవరు పెట్టారు, ఎప్పుడు విడుదల చేశారు?

ఇవి అడగాలంటే తవారీఖ్ తెలియాలి. రజాకార్ల జుల్మ్ ఝూట్ కాదు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో పారిన నెత్తురు ఝూట్ కాదు. దాన్ని దాచిపెట్టే పిల్లాడు నా షాగిర్ద్ కాడు. కానీ అదే ఆగస్టులో, రజాకార్లకు ఎదురు రాసినందుకు హైదరాబాద్ నడిబొడ్డున హత్యకు గురైన 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్ ఎవరు? విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ఎవరు? 'మాభూమి' నాటకానికి ఊపిరి ఎవరి కథ? తెలంగాణ పోరాటంలో నిలిచిన మఖ్దూం మొహియుద్దీన్ ఎవరు? సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీస్ యాక్షన్ జరిగాక పల్లెల్లో ఏమైంది? నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ లెక్క వేసినా 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు పోయాయని రాసింది. ఆ రిపోర్ట్ దశాబ్దాల పాటు జనం కంట పడలేదు. ఏ కథ ఎక్కడ ఆగుతుందో చూడమని పిల్లలకు ఎందుకు చెప్తానో ఇప్పుడు అర్థమైందా?

'ది కేరళ స్టోరీ' టీజర్‌లో 32,000 మంది అమ్మాయిలు అన్నారు. కోర్టు మెట్లెక్కాక టీజర్ తీసేస్తామన్నారు. వివరణలో 32,000 కాస్తా ముగ్గురైంది. ఆ లెక్కకు ఆధారం లేదని, ఇది కల్పించిన రూపమని తెర మీద రాస్తామని 2023 మేలో సుప్రీంకోర్టులో ఒప్పుకున్నారు. అప్పటికి సినిమా చూడాల్సినవాళ్లంతా చూసేశారు. కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగే కిస్సా ఉండదు సాథియో. తీర్పు చూసేవాడి దిమాగ్‌లో అక్కడికక్కడే జరగాలి.

ఆ ముగ్గురు హిందూ పిల్లల ముందు ఇవన్నీ మాట్లాడావా అని అడుగుతారు. మాట్లాడాను. పాయ్‌నూ కోరోనూ కలిసి చూసిన పిల్లలు కాబట్టే మాట్లాడగలిగాం. వాళ్లలో ఒకడన్నాడు. "ఇండ్ల కెమెరా ఓడ మీదనే ఉంది చాచా." మన తరఫున కొట్లాడే వకీల్ కాదు వాడు. చూడ్డం నేర్చుకున్న పిల్లాడు. మీరు పెట్టే పీస్ కమిటీ మీటింగుల కన్నా నాకు ఆ ఒక్క మాట మీద ఎక్కువ భరోసా.

మనం చెప్పుకునే కిస్సాలను కూడా వదలొద్దు. 'ది అంగ్రేజ్' వచ్చినప్పుడు మన జబాన్ తెర మీద వినబడిందని ఖుషీ అయ్యాం. సలీం ఫేకు డైలాగులు ఇప్పటికీ మన పిల్లలకు జబానీ యాద్. బాగుంది, నేనూ నవ్వాను. కానీ అడగండి. అందులో పాతబస్తీ కుర్రాళ్లు ఏం పని చేస్తారు? ఆడవాళ్లు ఎంతసేపు కనబడతారు? మన మీద మనమే నవ్వుకుంటున్నామా, మనల్ని చూసి వేరేవాళ్లు నవ్వడానికి అలవాటు చేస్తున్నామా? మన మనిషి తీస్తే వదిలేసి, పరాయివాడు తీస్తే పట్టుకుంటే అది తనఖీద్ కాదు, తరఫ్‌దారీ.

మూడు ఉజ్ర్‌లు, మూడు జవాబ్‌లు

"సినిమా హరామ్ గదా" అంటారు. తస్వీర్ మీద ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు, ఇవ్వను. నేను చెప్పేది ఇంతే. మీ పిల్లాడు చూస్తున్నాడు. మీరు కళ్లు మూసుకున్నంత మాత్రాన తెర ఆరిపోదు. అది విషమే అనుకోండి. విషం గురించి హకీమ్‌కే కదా ఎక్కువ తెలియాలి? ఫాసిఖ్ తెచ్చిన ఖబర్‌ను తహఖీఖ్ చేసుకోమని సూరె హుజురాత్‌లో చెప్పిన మాట వాట్సాప్‌కే గానీ సినిమాకు వర్తించదా?

"మార్కులు తగ్గుతాయి" అంటారు. న్యూజిలాండ్ బడుల్లో పద్యం, కథ ఎట్లనో సినిమా కూడా అట్లనే ఇంగ్లీష్ సబ్జెక్ట్‌లో పాఠం. పదిహేను, పదహారేళ్ల పిల్లలు కెమెరా, శబ్దం, కూర్పు మీద పరీక్షల్లో జవాబులు రాస్తారు. ఆ దేశ జనాభాలో మావోరీలు దాదాపు 18 శాతం. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో మనం 12 శాతం పైచిలుకు. వాళ్లు తమ పిల్లల చేతికి ఈ విద్యను ఇచ్చారు. మనం గైడ్ ఇచ్చి బట్టీ కొట్టిస్తున్నాం. నా హాల్లో కూర్చున్న పిల్లలు ఇప్పుడు తెలుగు వాచకంలో కథ చదివి "ఇది ఎవరు చెప్తున్నరు?" అని అడుగుతున్నారట. మార్కులు తగ్గినట్టు ఇంతవరకు ఏ ఇంటి నుంచీ షికాయత్ రాలేదు.

"సినిమానే గదా, ఇంత ఎందుకు" అంటారు. ఇది అన్నిటికంటే ఖతర్‌నాక్ మాట. సినిమానే గదా అయితే కోట్లు పోసి ఎందుకు తీస్తారు? ఎన్నికల ముందు ఎందుకు విడుదల చేస్తారు? మన పల్లెల్లో పీర్ల పండుగకు కర్బలా కథను హిందువులూ ముసల్మాన్లూ కలిసి తెలుగులో పాడుకున్నారు. ఆ పాటలు విన్న తరాలు ఒకరి దుఃఖంలో ఒకరు ఏడ్చాయి. కిస్సా మనుషుల్ని కలిపినంత గట్టిగా విడదీయనూ గలదు. దాన్ని చిన్నచూపు చూసేవాడికి కిస్సా అంటే తెలియదు.

ఇప్పుడు నా ముతాలబా. రాష్ట్రంలో 200కు పైగా మైనారిటీ గురుకులాలున్నాయి. ప్రతి దాంట్లో టీవీయో ప్రొజెక్టరో ఉంటుంది. ఆగస్టు 15కు దేశభక్తి సినిమా వేసి పిల్లల్ని వరుసలో కూర్చోబెట్టడానికే కాక, వారానికి ఒక గంట దాన్ని ఆపి ఆపి మాట్లాడ్డానికి వాడండి. ఎండాకాలం సెలవుల్లో దీనీ తాలీమ్ క్లాసులు నడిపే కమిటీలారా, రావీ, రివాయత్ పాఠం చెప్పేటప్పుడు ఒక్క రోజు ఆ పిల్లల ముందు ఒక వార్తా వీడియో పెట్టి, ఇస్నాద్ తీయమనండి. అబ్బాలారా, అమ్మీలారా, మీకు ప్రొజెక్టర్ అక్కర్లేదు. ఈ రాత్రి పిల్లాడి పక్కన కూర్చుని వాడు చూసేదే చూడండి. అయ్యాక ఐదు సవాళ్లు వెయ్యండి. ఎవరు చెప్తున్నారు? ఎవరి గొంతు వినబడలేదు? ఎక్కడ ఏడిపించారు, దేంతో ఏడిపించారు? కథ ఎక్కడ ఆగింది, ఇంకో రోజు నడిస్తే ఏమయ్యేది? ఇదే కథను నువ్వు చెబితే కెమెరా ఎక్కడ పెడతావ్?

చివరి సవాల్ అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే చదవడం దగ్గర ఆగితే సగం పనే. మా పిల్లలు ఇప్పుడు ఫోన్లతో మూడేసి నిమిషాల సినిమాలు తీస్తున్నారు. ఒక పిల్ల వాళ్ల నానీ ఒకప్పుడు కలుపు తీసిన చేను ఇప్పుడు ఏ గోడ వెనక ఉందో చూపిస్తోంది. గోడను కాదు, గోడ వైపు చూస్తున్న నానీ మొహాన్ని తీసింది. ఎవరూ నేర్పలేదు. రేపు ఆ మూడు నిమిషాలు ఎవరో నెట్‌లో పెడితే, ఏ ఊరి డేటా సెంటర్‌లో పోయి కూర్చుంటాయో ఎవరికి తెలుసు, చందనవెల్లిలోనే కావచ్చు. అప్పుడు కనీసం ఆ ఒక్క కిస్సాకు రావీ ఎవరని అడిగితే చెప్పడానికి మన బిడ్డ పేరుంటుంది.

వచ్చే ఆదివారం జొహర్ తర్వాత సమోవా సినిమా 'ది ఒరేటర్' వేస్తున్నాం. తూసీ తమసేసే 2011లో తీశాడు, మొత్తం సమోవా భాషలోనే. పొట్టిగా ఉన్నాడని ఊరంతా చిన్నచూపు చూసే ఒక రైతు. అమ్మానాన్నల సమాధులున్న తన చేను కోసం, భార్య కోసం చివరికి పెద్దల ముందు నోరు విప్పాలి. భూమి పోయినవాళ్లకు ఆ కథ తొందరగా అర్థమవుతుంది. నన్ను మెట్ల మీద ఆపి అడిగిన పెద్దలందరికీ దావత్. చాయ్, ఉస్మానియా బిస్కట్ నా తరఫున. ఒక్కటే షర్త్. సినిమా ఆపినప్పుడు మొదట పిల్లలు మాట్లాడతారు. మనం వింటాం.